మంచం కింద జెనరేటర్

"మిక్సీ, రైస్ కుక్కరు ఒకేసారి వేస్తే ఇన్వర్టర్ ట్రిప్పయిపోద్ది పిన్నిగారండి. ఒకటయ్యాక ఒకటి వేసుకోండి" అన్నాడు జేవియర్, కారవాన్ మెట్టు మీద కూర్చుని తీగ కొస ఒలుస్తూ.

"అలాగేలే. మరి ఫ్రిజ్జు?" అంది సత్యవతమ్మ.

"దానికి ఢోకా లేదండి. బాబాయిగారి ఇన్సులిన్ చల్లగా ఉంటాది."

"ఇన్సులిన్ ఏ మూలైనా పడుంటది. అందులో బిందెడు నీళ్ళు పట్టాలి. ఎప్పుడు ముట్టుకున్నా జిల్లుమనాలి."

"తాగడానికి బిందెడెందుకండి? దారి పొడుగునా సీసాలు దొరుకుతాయి గదా."

"తాగడానిక్కాదు."

జేవియర్ పదిహేనేళ్ళుగా యానాంలో ఇన్వర్టర్లు బిగిస్తున్నాడు. ఇళ్ళకీ, కొట్లకీ, చర్చికీ పెట్టాడు గానీ, బండిలో సంసారానికి కరెంటు పెట్టడం ఇదే మొదలు. సినిమావాళ్ళు వాడి వదిలేసిన ఈ కారవాన్‌ను సత్యవతమ్మ తమ్ముడు గోపి ఎక్కడో పాతసామాన్ల వాళ్ళ దగ్గర కొన్నాడు. బ్యాటరీ లేదని ట్రాక్టరుతో మెట్టకూరు దాకా లాక్కొచ్చి, ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టాడు. టైర్ల మీద బరువు పడకుండా ఇరుసుల కింద ఇటుకలు పేర్చాడు.

సత్యవతమ్మ భర్త పెదబాబుకు షుగరు వల్ల చూపు పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు గుండె కూడా నీరసించింది. ఆయన అడిగేది ఒక్కటే. ఈ కార్తీకంలో కాశీ వెళ్ళాలి, గంగలో కాళ్ళు పెట్టాలి. వచ్చే కార్తీకానికి తాను ఉంటానన్న నమ్మకం ఆయనకు లేదు. డాక్టరుగారు రైలు వద్దన్నారు. అయితే ఇల్లే చక్రాల మీద పెట్టి తీసుకెళ్తానంది సత్యవతమ్మ.

దేవుడి దగ్గరికి మిక్సీ మోసుకుపోవడమేమిటని జేవియర్‌కు మొదట నవ్వొచ్చింది. కానీ పళ్ళు లేని మనిషికి అన్నం మెత్తగా చేసి పెట్టొద్దా? ఆకలి కాశీలో మాత్రం ఊరుకుంటుందా?

అది సరే. ఆమె చెప్పే మిగతా పనులే అతనికి అంతుపట్టలేదు.

"పైన సోలార్ పలక వేస్తానండి. ఎండలో పోతుంటే ఊరికే చార్జింగెక్కుద్ది."

"వద్దు."

"పోనీ ఇంజను నుంచి బ్యాటరీకి లైను లాగుతాను. బండి నడిచినంతసేపూ కరెంటే. బానెట్ తీయించండి."

"అది గోపీకే తెలుసు. నాకు జెనరేటర్ పెట్టు, చాలు."

ఆ జెనరేటర్ దరియాలతిప్పలో గోపి రొయ్యల చెరువు దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన చిన్న డీజిల్‌ది. తిప్పగానే షెడ్డు రేకులు గడగడలాడాయి. బండి ముందు చక్రం పక్కనుంచి ఒక నల్లకోడి అరుచుకుంటూ బయటికి దూకింది. జేవియర్ చెయ్యెత్తి అదిలించాడు.

"దాన్ని తరమకు బాబూ!"

"పిన్నిగారండి, ఇంత చప్పుడు చేసేదాంతో కాశీ దాకా ఎలాగండి? ఇప్పుడు చడీచప్పుడూ లేనివి వచ్చాయి."

"చప్పుడుండాలి."

"ఉండాలా?"

"ఆయన మంచం కింద, నేలకి అవతల బిగించు. రబ్బరు దిమ్మలు మాత్రం వెయ్యకు."

"మంచమంతా ఊగిపోద్దండి! కుదుపులు పడకూడదన్నారు గదా డాక్టరుగారు?"

"ఆ మాత్రం పర్లేదు. ఇదిగో, టేబుల్ ఫ్యాను కిటికీలో పెట్టు. గాలి ఆయన మొహానికి కొట్టాలి."

"బండి పోతుంటే కిటికీ తీసుకోండి, అంతకన్నా గాలేముంటాది?"

సత్యవతమ్మ ఫ్యాను తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఏరా జేవియరూ" అరుగు మీంచి పెదబాబు కేకేశాడు. "మీ పిన్ని చెప్పినట్టు చేసెయ్. కరెంటు సంగతి నీకు తెలుసు, నా సంగతి దానికి తెలుసు."

"అలాగే బాబాయిగారండి. కాశీలో ఏది ఒదిలేస్తున్నారేంటి?"

"పులస."

"అబద్ధం!" అంది సత్యవతమ్మ. "చేదని కాకరకాయ వదిలేస్తాడు చూడు."

"ఒదిల్తే ఇష్టమైందే ఒదలాలే. లేకపోతే ఆ స్వామి నవ్విపోడూ?"

సత్యవతమ్మ మొహం తిప్పుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ప్రయాణం బెంగ కాబోలనుకున్నాడు జేవియర్. మరి అడగలేదు. ఆమె చెప్పినట్టే బిగించాడు. పొగగొట్టం మాత్రం తన మాటే నెగ్గించుకుని, బారుగా వెనక్కి తీశాడు.

సోమవారం పొద్దున్నే ప్రయాణం. ఉతికిన పంచె, నుదుట విభూతితో పెదబాబు మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. సత్యవతమ్మ కొబ్బరికాయ కొట్టి హారతిచ్చింది. గోపి ముందుకెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

"వెయ్యి జేవియరూ" అంది సత్యవతమ్మ.

జెనరేటర్ అందుకుంది. మంచం సన్నగా అదిరింది. ఫ్యాను గాలికి పెదబాబు నెరిసిన జుట్టు ఎగిరింది. గోపి రెండుసార్లు హారన్ కొట్టాడు.

పెదబాబు చేతులు జోడించాడు. "బయల్దేరామా సత్యవతీ?"

"బయల్దేరాం."

జేవియర్‌కు చటుక్కున గుర్తొచ్చింది. ఇరుసుల కింద ఇటుకలు ఇంకా అలాగే ఉన్నాయి! బండి కదిలితే లోపల ముసలాయన ఏమైపోతాడు? గబుక్కున కిందికి దూకి ముందుకు పరుగెత్తాడు.

"గోపన్నా, ఆగు! ఇటుకలు..."

గోపి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. రెండో చేత్తో సీటు కింద మీట లాగాడు. బానెట్ టక్కుమని తెరుచుకుంది. జేవియర్ దాన్ని పైకెత్తాడు.

ఇంజను ఉండాల్సిన చోట నల్లకోడి గుడ్లు పొదుగుతోంది.