బండికి తెల్ల తెగులు

దుప్పటి తీసి చూసి జానకిరామయ్య మాస్టారు లబోదిబోమన్నారు. కొని మూడు నెలలు కాని మోటార్ సైకిల్. ఇంజను మీద తెల్లటి పొడి అట్టకట్టి ఉంది.

ఆ బండిని ఆయన కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటున్నారు. వేటపాలెం ఉప్పుగాలి రంగు వేయని అల్యూమినియాన్ని తెల్లపొడి చేసి తినేస్తుందని ఎవరో చెప్పిన దగ్గర్నుంచీ దాన్ని వసారాలో కప్పిపెట్టి, తను మాత్రం బస్సులో వేలాడుతూ బడికి వెళుతున్నారు. పర్చూరులో ఉన్న అక్క దగ్గరికి దానిమీద ఒక్కసారి తీసుకెళ్లమని భార్య దుర్గాంబ అడిగీ అడిగీ విసిగిపోయింది.

మెకానిక్ సిలార్ వచ్చాడు. పొడిని గోటితో గీకి, వేళ్లమధ్య నలిపి, వాసన చూశాడు. ఒకసారి వాకిట్లో నిలబడ్డ దుర్గాంబ వంక చూసి దగ్గాడు.

"బతుకుతుందా?" అన్నారు మాస్టారు.

"కప్పి ఉంచబట్టే వచ్చిందండీ. దుప్పటి కింద చెమ్మ ఆరదు. శుభ్రంగా తుడిచి, పల్చగా నూనె రాయండి. అది పైమందు. అసలు మందు తిప్పడం. ఇంజను వేడెక్కితే చెమ్మ ఆరిపోద్ది. ఆదివారం ఆదివారం ఇరవై కిలోమీటర్లన్నా తిరగాల. వెనక బరువు కూడా ఉండాల."

"బియ్యం బస్తా కట్టుకోనా?"

సిలార్ తల గోక్కున్నాడు. బస్తా అయితే మలుపుల్లో జారుతుందనీ, తనంతట తాను పట్టుకుని కూర్చునే బరువైతే మంచిదనీ చెప్పి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం దుర్గాంబ చీరాల నేత చీర కట్టుకుని వెనక కూర్చుంది. దారిపొడవునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి ఇద్దరూ తుమ్ముకుంటూ పర్చూరు చేరారు. అక్క చేసిన గారెలు తిని తిరిగొస్తూ దుర్గాంబ పాట కూడా అందుకుంది. మాస్టారికీ హుషారుగానే ఉంది గానీ బయటపడలేదు.

గురువారం పొద్దున్నే ఆయన ఇంజను తుడిచి చూసి మురిసిపోయారు. మచ్చుకైనా పొడి లేదు.

"తెగులు వదిలింది. నూనె రాశాంగా, ఇక తిప్పక్కర్లేదు" అని మళ్లీ దుప్పటి కప్పేశారు.

ఆయన బడికి వెళ్లగానే దుర్గాంబ, వీధిలో ముగ్గు అమ్ముకుంటూ పోతున్న గురవమ్మను పిలిచి రెండు మానికలు కొలవమంది.

గురవమ్మ ఆశ్చర్యపోయింది. "పండగా పబ్బమా, ఇంత ముగ్గెందుకమ్మగారూ? మీ వాకిలి చూస్తే చారెడంత."

"వాకిట్లోకి కాదు గురవమ్మా," అంది దుర్గాంబ, "బండికి."