తడవని డబ్బా

“ముందుగాల చెయ్యి తుడుసుకో! తడి చేత్తోటి మూత తియ్యకు!”

సదానందం అరుపుకు పూలమ్మ చేయి డబ్బా మీదే ఆగిపోయింది. నవ్వుకుంటూ కొంగుకు చేతులు తుడుచుకుని, బిస్కెట్ల రేకుడబ్బా మూత తీసింది. మూడు రోజులుగా గోదావరిఖనిని ముసురు వదలడం లేదు. టీకొట్టు మీద కప్పిన పట్టా నాలుగు చోట్ల కారుతోంది. బొగ్గుల పొయ్యి చల్లగా ఉంది. గంటలో మొదటి షిఫ్టు వాళ్ళు వచ్చి మీద పడతారు. అయినా డబ్బాలోని ఉండలు మాత్రం పేలాల్లా పొడిగా ఉన్నాయి.

పొయ్యి ముట్టించే ఆ ఉండలు సదానందం చేతి పనే. కొబ్బరి పీచులో రంపపు పొట్టు కలిపి, కరిగించిన కొవ్వొత్తి మైనంలో ముంచి, నిమ్మకాయంత ఉండలు కడతాడు. ఒక్కటి వెలిగించి బొగ్గు కింద పెడితే చాలు, ఎంత ముసురులోనైనా పొయ్యి రాజుకోవాల్సిందే. వెళ్ళిపోయే ముందు వానాకాలం మొత్తానికి సరిపడా చేసి తెచ్చాడు.

“రేపటి సంది నేనుండ. చెప్పు, డబ్బా ఏడ పెడ్తవ్?”

“గోడ అవతల, చూరు కింద. రెండు ఇటుకల మీద.”

“కొట్టు లోపట ఎందుకు పెట్టద్దు?”

“నిప్పురవ్వ పడ్తది.”

“ఏ దిక్కు గోడకు?”

“తూర్పు దిక్కు. జల్లు పడమటి నుంచి కొడ్తది.”

“కొత్త ఉండలు డబ్బాల ఎప్పుడెయ్యాలె?”

“పూరాగ సల్లారినంకనే. ఏడిగ ఏస్తే లోపట చెమ్మ పడ్తది. అబ్బ! బాయి గేటు కాడ గూడ గిట్లనే సతాయించేటోనివట గదా కాకా?”

ఆమె సరదాకే అంది. సదానందం ముఖంలో మాత్రం నవ్వు మాయమైంది.

ముప్పై ఏళ్ళు ఆయన ఉద్యోగం అదే. బొగ్గుబాయిలోకి దిగేవాళ్ళ జేబులు గేటు దగ్గర తడిమి చూడటం. కింద గ్యాసు ఉంటుంది, చిన్న మంటైనా ప్రాణాల మీదికి వస్తుంది. సదానందం చేయి దాటి బీడీ ముక్క కూడా లోపలికి పోదని పేరు. రిటైరైన మర్నాటి నుంచీ ఈ కొట్టుకే వస్తున్నాడు. బొగ్గు కొడతాడు, నీళ్ళు మోస్తాడు, ఉండలు కడతాడు. పూలమ్మ రోజూ మొదటి గ్లాసు ఆయనకే ఇస్తుంది. ఆ మంచితనమే ఆయన గుండెలో ముల్లు.

మధ్యాహ్నం కూతురు మమత వచ్చి నస్పూర్‌లోని తన ఇంటికి తీసుకుపోతుంది. పదిహేనేళ్ళుగా గొంతులో అడ్డం పడ్డ మాట ఈ పూట చెప్పకపోతే ఇక చెప్పేది లేదు.

అంతలో పూలమ్మ భర్త బుచ్చన్న పాల క్యాను తెచ్చి బల్ల మీద పెట్టాడు. సదానందాన్ని చూసి ముఖం తిప్పుకుని, గొడుగు వంచుకుని నడిచాడు.

“ఇంకా కోపం పోలే,” అన్నాడు సదానందం.

“ఆయనది ఉడుం పట్టు. నువ్వు ఫికర్ చెయ్యకు.”

“కోపం ఉండాలె బిడ్డా. తప్పు నాదే.” సదానందం బల్ల మీద కూలబడ్డాడు. “ఆ పొద్దు బాయి గేటు కాడ బుచ్చన్న జేబుల అగ్గిపెట్టె దొరికింది. బీడీ ముట్టని మనిషి. నాది కాదని దేవుని మీద ఒట్టేసిండు. నేను ఇనలే. పదిమందిల నిలబెట్టి ఎనుకకు పంపిన. సస్పెండ్ చేసిన్రు. ఆ పగలే గుండెపోటు వచ్చింది. అవమానం తట్టుకోలేకనే అని కాలనీ అంత అన్నది. నన్ను మాఫ్ చెయ్యి పూలమ్మా.”

అప్పటికే ఉండ వెలిగించి బొగ్గు కింద పెట్టి విసురుతున్న పూలమ్మ చెయ్యి ఆగింది.

“గిది మనసుల పెట్టుకొనా ఇన్నేండ్లు నీళ్ళు మోసినవ్? పిచ్చి కాకా! నొప్పి గేటు కాడ సురువు గాలె. తెల్లారగట్లనే ఇంట్ల సురువైంది. చాతి పట్టుకొని ఒక్కతీరుగ చెమటలు. దవాఖానకు పోదామంటే గ్యాసు నొప్పి అన్నడు. హాజరీ మస్టర్లు తక్కువున్నయి, ఒక్క డ్యూటీ పోవద్దన్నడు. కాళ్ళు పట్టుకున్న, ఇనలే.”

“నాకు తెల్వదు బిడ్డా...”

“నువ్వు ఎనుకకు పంపినవ్ గాబట్టి ఇంట్ల పడ్డడు. పది నిమిషాలల్ల దవాఖానకు మోసుకపోయినం. గదే బాయిల పడితే? పైకి తెచ్చేసరికే పానం పోవు. నా పుస్తె నిలిచిందంటే నీ చేతి పుణ్యం. మొదటి గ్లాసు గందుకే ఇస్తున్న.”

సదానందం కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. పదిహేనేళ్ళ బరువు దిగిపోయి ఒళ్ళు తేలికైంది. రెండు చేతులెత్తి ఆమెకు దండం పెట్టాడు. అయినా గేటు దగ్గర బతికిన ప్రాణం కదా, అనుమానం ఊరికే ఉండనివ్వలేదు.

“మరి ఆ అగ్గిపెట్టె ఏడిది? ఎవడో పగోడే పెట్టుంటడు.”

పూలమ్మ తొంగి చూసింది. బుచ్చన్న గొడుగు ఎప్పుడో మలుపు తిరిగిపోయింది.

“పగ గాదు కాకా. ఆ పొద్దు గేటు కాడ డ్యూటీ నీదేనని ముందే అడిగి తెలుసుకున్నరు. నీ చెయ్యి తప్పిపోదని ధైర్యం.”

“ఎవరు?”

ఆమె మరిగిన టీ వడపోసి మొదటి గ్లాసు ఆయన చేతికిచ్చి, గొంతు తగ్గించింది.

“పెట్టింది నేనే.”