గులకరాళ్ళ ఎలుక

"ఏమ్మా, ఆ బోనులో ఏముండాయి?" కండక్టర్ గట్టిగా అరిచాడు.

శివాని ఒళ్ళో ఉన్న బోను మీది గుడ్డ జారిపోయింది. కోయిలకుంట్ల నుంచి కర్నూలు పోయే బస్సులో సగం మంది కాళ్ళు సీట్ల మీదికి ఎక్కాయి.

"చిట్టెలుకలన్నా. ఆరే ఉండాయి. పరిశోధనకు."

"దిగు, దిగు ముందు!"

"నేనుండాగా అప్పా, ఒక్కటి బయటికొచ్చినా పట్టేస్తా," అన్నాడు పక్క సీటులోని ఒక చెవి తెగిన ముసలాయన.

బస్సంతా నవ్వింది. కండక్టర్ కూడా నవ్వుకుంటూ ముందుకు పోయాడు.

శివానికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఇంటి ఎలుక రోగనిరోధక కణాల్లో లేని ఒక ఎంజైమ్ పొలం చిట్టెలుకకు ఉంటుందని మూడేళ్ళుగా చెబుతోంది. సోమవారం కమిటీ ముందు లెక్కలు చూపించాలి. ఈ ఆరింటితో తేలకపోతే పీహెచ్‌డీ అటకెక్కినట్టే.

ముసలాయన బోనులోకి తొంగిచూశాడు.

"పాపా, ఈటిల్లో రెండు వేరే జాతి."

"అన్నీ ఒకటే తాతా. ఒకే చేలో పట్టినా."

"చేను ఒకటైతే? ఆ రెండింటి కలుగు కాడ గులకరాళ్ళు పేర్చి ఉండాయేమో చూసినావా?"

"నేను ఎలుకల మీద పీహెచ్‌డీ చేస్తాండా తాతా."

"నేను ఎలుకలు పట్టే పని చేస్తాండా తల్లీ!" ఆయన పకపకా నవ్వాడు. "నాతో దిగు, అట్లాంటి కలుగు చూపిస్తా. పది నిమిషాల పని."

శివాని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. బనగానపల్లె దాటాక ఒక శనగచేను దగ్గర ఆయన దిగిపోయాడు.

ఎంజైమ్ ఉంటే పరీక్ష గొట్టంలో గులాబీ రంగు రావాలి. ల్యాబ్‌లో నాలుగు గొట్టాలకు వచ్చింది, రెండింటికి రాలేదు. మళ్ళీ చేసింది. మూడోసారీ అంతే. శివానికి ఏడుపొక్కటే తక్కువ.

గైడ్ ప్రేమజ్యోతి మేడమ్ వచ్చి, ఆ రెండు ఎలుకల వీపు మీది వెంట్రుకలను వేలితో వెనక్కి నిమిరారు.

"ముళ్ళు ముళ్ళుగా ఉండాయి, చూడు. నీ ప్రయోగంలో తప్పేం లేదు. ఇవి వేరే జాతి. రెండు జాతుల లెక్కలు విడివిడిగా రాయి, కమిటీకి ఇంకా నచ్చుతుంది."

శివాని ఎగిరి గంతేసింది. మరుక్షణం నాలిక కరుచుకుంది.

"బస్సులో ఒక తాత చూడంగానే చెప్పినాడు మేడమ్. కలుగు కాడ గులకరాళ్ళు పేర్చే రకమంట."

మేడమ్ చటుక్కున తలెత్తారు. "ఒక చెవి తెగి ఉండెనా?"

"అవును మేడమ్."

"పేరు? ఫోన్ నంబరు?"

"అడగలేదు." శివానికి సిగ్గుతో తల వాలిపోయింది. "రమ్మన్నా పోలేదు మేడమ్."

మేడమ్ కుర్చీలో కూలబడ్డారు.

"గిడ్డయ్య! పొలం పొలం తిరిగే మనిషి, ఒక ఊరంటూ లేదు. నా పీహెచ్‌డీలో పన్నెండు జాతుల ఎలుకల్ని వేరుచేసి చూపించింది ఆయనే. డాక్టరేట్ నాకిచ్చినారు, ఆ మాట ఆయనతో చెప్పాలని ఇరవై ఏళ్ళుగా వెతుకుతాండా."