మాటల్లేని పాట

“కాలు తియ్యి!”

జాలరి కుర్రాడు యువరాజు వంగి, బైరాగి కాలిని వల తాడు మీంచి తోసేశాడు.

ఒడ్డున వల లాగుతున్న పదిహేను మందీ ఆగిపోయారు.

బైరాగి నవ్వాడు. ఎవరేమన్నా అతను నవ్వడమే.

తుఫాను తర్వాత ఎక్కణ్ణుంచో వచ్చాడు. చేపలమ్మే పైడమ్మ అరుగు మీద పడుకునేవాడు. పెద్దవల లాగేటప్పుడు ఉత్త కాలు తాడు మీద ఆనించి, కళ్ళు మూసుకుని పాడేవాడు. అందులో ఒక్క మాటుండదు. ఎక్కుతూ దిగుతూ సాగే రాగం, అంతే.

“ఎందుకు బావా ఆడి మీద పడతావు?” అన్నాడు పక్కన తాడు పట్టిన ఎల్లాజీ.

“తాడు పట్టడు, మాటొకటి పలకడు. ఇదేటి పాట? రేపు కొత్తవల దింపుతున్నాం. టేపురికార్డరు తెత్తన్నాను. సూడు, దుమ్ము లేచిపోద్ది!”

“బేటరీలు నువ్వే ఎయ్యాల మరి!”

అందరూ నవ్వారు. బైరాగీ నవ్వాడు.

మర్నాడు టేపురికార్డరు మోగింది. డప్పుల పాట. అందరూ హుషారుగా లాగారు. వల ఒడ్డుకు దగ్గరపడింది.

అంతలో పెద్ద కెరటం వలను వెనక్కి ఈడ్చింది.

పాట ఆగలేదు. చేతులూ ఆగలేదు.

యువరాజు ఇంటిల్లిపాదీ ఆర్నెల్లు కూర్చుని అల్లిన కొత్తవల నడిమికి చిరిగింది.

యువరాజు ఇసకలో కూలబడ్డాడు.

“బావా,” ఎల్లాజీ మెల్లగా అన్నాడు. “కెరటం ఎనక్కి లాగితే బైరాగి మావ రాగం దించీవోడు. మన సేతులు వాటంతటవే వొదులయ్యీవి. వల తేలికపడితే పైకెత్తీవోడు. మనం గుంజీవోళ్ళం. ఈ టేపుకి సముద్రం సంగతేటి తెలుసు?”

“మావేడి?”

“టేపొచ్చాక మావకిక్కడ పనేటని పైడమ్మత్త నౌపడ టేసనుకి తీసుకెల్లింది. రైలెక్కిత్తాదంట.”

యువరాజు సైకిలెక్కాడు.

స్టేషన్లో పాసింజరు కదులుతోంది. తలుపు దగ్గర బైరాగి వీపు కనిపించింది.

“మావా! బైరాగి మావా! తప్పయిపోనాది, దిగు!”

బైరాగి తిరగలేదు. రైలు వెళ్ళిపోయింది.

ప్లాట్‌ఫాం మీద గంప పక్కన పెట్టుకుని పైడమ్మ కూర్చుంది.

“ఎంత కోపమో సూడత్తా. గొంతు పోయేలా పిలిసినా తిరగలేదు.”

“కోపమేటిరా ఎర్రిబాగులోడా?” పైడమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. “ఆడికి సిన్నప్పుడే రెండు సెవులూ పోనాయి. కాలి కింద తాడు ఏటి సెప్తే అదే పాడీవోడు.”