రెండు చిన్న బొంతలు

కత్తెర పెట్టబోయిన వరహాలమ్మ చెయ్యి బొంత నడుమ ఆగిపోయింది.

"దీన్ని కోస్తే కుట్లన్నీ ఊడిపోతాయమ్మా. రెండింటికీ మళ్లీ చుట్టూ అంచు కట్టాలి. చిన్న బొంతలు కదాని కూలి తగ్గదు. కొత్తది కుట్టించుకున్నదానికంటే ఎక్కువవుద్ది."

"ఎంతైనా ఇస్తానండి. ఒకటి గదిలోకి, ఒకటి వసారాలోకి," అంది కృష్ణకుమారి.

ఆరేళ్ల కిందట, భర్త మస్కట్ వెళ్లిన నెలలోనే, పెళ్లినాటి చీరలు తెచ్చి ఈ బొంత కుట్టించుకుంది. ఆయన వచ్చేసరికి ఇద్దరికీ సరిపోవాలని, కుడుతున్న వరహాలమ్మ పక్కన కూర్చుని మరీ కొలతలు చెప్పింది.

"మీ ఆయనగారు వచ్చేసేరంట కదా?"

"ఆయ్, వచ్చేసేరండి. ఇంక వెళ్లరంట."

"మరింకేం, పెద్దది ఇప్పుడే కదా కావాలి. ఇన్నాళ్లూ ఒక్కదానివే ఇంత బొంత కప్పుకున్నావు."

కృష్ణకుమారి సుద్దముక్క తీసుకుంది. బొంతను సరిగ్గా సగానికి మడిచి, మడత వెంట గీత గీసింది.

"అప్పుడు పెద్దదనిపించలేదండి."