రెండు ఎర్ర రుమాళ్లు

"ఏయ్! నది అవతలికి మాట్లాడకూడదని తెలీదా?" గట్టు మీంచి సిపాయి అరిచాడు.

"మాట్లాడ్డం లేదు నాయనా, బట్టలుతుక్కుంటూ పాడుకుంటున్నా. పాటకి కూడా పన్నేశారా ఏంటి?" అంది తొదోసియా తల ఎత్తకుండానే.

సిపాయి నవ్వి ముందుకు నడిచాడు. తొదోసియా ఎర్ర రుమాలును కనుబొమల దాకా లాక్కుంది. తడిబట్టను కర్రతో బాదుతూ, ఆ దెబ్బకు తగ్గట్టు గొంతెత్తింది.

"చిన్ననాటి నల్లావు మతికొచ్చె చెల్లెలా,
దాని మెడ గంట కలలోన వినవచ్చె చెల్లెలా..."

తీసా నదికి అవతల, రాళ్ల మీద వంగి ఉతుకుతున్న మనిషి తలకూ అలాంటి ఎర్ర రుమాలే. కాసేపటికి అటునుంచి జవాబు వచ్చింది.

"మరువగలనా అక్కా, నల్లావు గంట,
దాని వెంట మనమురికిన పచ్చిక బీడంట..."

తడిబట్టల బుట్ట మోయడానికి వచ్చిన భర్త గావ్రిలా నోరు వెళ్లబెట్టాడు. "మీ అమ్మ పుట్టింట్లో ఆవెక్కడిదే? మీ తాతకి మేకలేగా ఉండేవి?"

"నోటికేదొస్తే అది పాడాను. అవతలున్న పిన్నికీ మతిమరుపు వచ్చినట్టుంది పాపం. లేని ఆవు గుర్తుందంటోంది."

"మతి పోయినా గొంతు మాత్రం నిరుటి కంటే బాగుంది."

"చలికాలమంతా తేనె తాగుంటుందిలే. బుట్టెత్తు."

ఆ రెండు రుమాళ్లూ ఒకే గుడ్డలోవి. తొదోసియా అమ్మమ్మ సిగెత్ సంతలో కొని, రెండుగా కత్తిరించి, కూతుళ్లు హఫియాకి, పలాగాకి చెరొకటి ఇచ్చింది. యుద్ధకాలంలో రెండు గట్లూ ఒకే రాజ్యం కింద ఉండేవి. అప్పుడే చిన్నది పలాగా అవతలి ఊరికి కాపురానికి వెళ్లింది. యుద్ధం ముగిసేసరికి వంతెన కూలింది, నది మధ్యలో సరిహద్దు పడింది. అవతలి గట్టు మాస్కోది, ఇవతలిది రొమేనియా వాళ్ల బుకరెస్టుది అన్నారు. ఏ రాజ్యమైతేనేం, పెద్దపెద్ద బల్లల ముందు కూర్చుని గీతలు గీసేవాళ్లకి అక్కాచెల్లెళ్లు ఉండరు కాబోలు. అవతల బోర్డుల మీద అక్షరాలు మారాయి గానీ ఆడవాళ్లు ఏడ్చేది మాత్రం రొమేనియన్‌లోనే.

అప్పటినుంచీ శనివారం శనివారం అక్కాచెల్లెళ్లిద్దరూ ఎదురెదురు రేవుల్లో బట్టలు ఉతికేవారు. పెళ్లిళ్లు, పురుళ్లు, చావులు అన్నీ పాటలోనే చెప్పుకునేవారు.

హఫియా పోయి ఏళ్లయింది. పోతూ పోతూ కూతురు తొదోసియా చెయ్యి పట్టుకుంది. "పలాగాకి చెప్పకే. దానిది అసలే నీరసం గుండె. నా పాట ఆగితే ఆ గుండె ఆగిపోద్ది."

అమ్మను మట్టిలో పెట్టిన వారమే తొదోసియా ఆ రుమాలు కట్టుకుని రేవులోకి దిగింది. గొంతు అమ్మదే అన్నట్టుండేది. చిన్ననాటి సంగతేదైనా పిన్ని అడిగితే దొరికిపోతానని మొదట్లో వణికేది. ఈమధ్య పిన్ని అసలేమీ అడగడం లేదు. అదృష్టం అనుకుంది.

బుకరెస్టులో ప్రభుత్వం కూలిన తర్వాతి వసంతంలో దండోరా వచ్చింది. ఆదివారం ఒక్కరోజు సరిహద్దు తెరుస్తారట, పడవలు వేస్తారట. ఊరంతా పండగ చేసుకుంది. తొదోసియా ఇంట్లో మాత్రం పొయ్యి వెలగలేదు.

"నేను వెళ్లను. ఆవిడ కళ్లలోకి చూసి, నీ అక్క ఎప్పుడో పోయింది, ఇన్నాళ్లూ నిన్ను మోసం చేశాను అని ఏ నోటితో చెప్పను?"

"పిచ్చిదానా! వెళ్లకపోతే, దారి తెరిచినా అక్క రాలేదే అనుకుని కుమిలిపోదూ? అది చావుకంటే పెద్ద దెబ్బ," అన్నాడు గావ్రిలా.

శనివారం రేవులో పాడింది. "రేపు నీ గడప తొక్కుతా చెల్లెలా..."

అవతల కర్ర చప్పుడు ఆగిపోయింది. చివరికి సన్నగా "రా అక్కా" అని రెండే మాటలు వచ్చాయి. సంతోషం పట్టలేక పిన్ని అంతకంటే పాడలేకపోయిందనుకుని, తొదోసియా మిగిలిన బట్టలు ఉతక్కుండానే బుట్టలో వేసుకుంది.

ఆదివారం పడవ దిగేసరికి అవతలి గట్టంతా కౌగిలింతలే. ఒకరినొకరు గుర్తుపట్టలేక పేర్లు పెట్టి అరుస్తున్నారు. ముసలివాళ్లు చిన్నపిల్లల్లా ఏడుస్తున్నారు. తొదోసియా చేతిలో పండగ రొట్టె, రంగేసిన ఎర్రగుడ్లు, అమ్మ సమాధి మీది గుప్పెడు మట్టి మూటగా ఉన్నాయి. జనానికి దూరంగా, ఆ రేవు రాళ్ల మీదే, ఎర్ర రుమాలు ముఖం మీదికి లాక్కుని, రెండు చేతులతో కళ్లు మూసుకుని కూర్చుని ఉంది పిన్ని.

తొదోసియాకి ఆ ముఖం చూసే ధైర్యం లేకపోయింది. వెళ్లి కాళ్ల దగ్గర కూలబడి, ఆ ఒళ్లో తల దాచుకుంది.

"పిన్నీ, నన్ను క్షమించు. నేను హఫియాని కాదు, ఆవిడ కూతుర్ని. అమ్మ పోయింది పిన్నీ. నీ గుండె తట్టుకోలేదని చెప్పొద్దంది. ఇన్నాళ్లూ నీతో పాడింది నేనే. తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి, ఒక్క మాట మాట్లాడు!"

ఆ ఒళ్లు వెక్కిళ్లతో ఎగిరెగిరి పడుతోంది. ఊపిరి అందడం లేదు. అమ్మ భయపడ్డంతా అయ్యింది, ఆ గుండె ఆగిపోతోంది అనుకుని తొదోసియా హడలిపోయింది. కాస్త గాలి ఆడుతుందని, గడ్డం కింద రుమాలు ముడి విప్పి వెనక్కి లాగింది.

రుమాలు కింద ఉన్న పిల్లకి ఇరవై ఏళ్లు కూడా ఉండవు.