పూరేడు తరఫున ఎవరు?

రేగుపొదలో గుడ్లు పెట్టుకున్న పూరేడుపిట్టను అడవిపంది తరిమేసింది. ఆ పొద తాతలనాటి నుంచీ తనదేనంది. తగవు ఏనుగు దగ్గరికి వెళ్ళింది. తీర్పు వచ్చేదాకా ఇద్దరూ పొద వైపు పోకూడదని అడవి కట్టుబాటు.

పూరేడుకి ఒకటే బెంగ. అక్కడ గుడ్లు చల్లబడిపోతున్నాయి. ఇక్కడ పంది తరఫున మాటకారి నక్క వచ్చింది. తనకేమో నలుగురిలో నోరు పెగలదు. అందుకే పొరుగున ఉండే తాబేలు మామను బతిమాలి తెచ్చుకుంది.

"తాబేలు పిట్టజాతి కాదు, వాదించే నేర్పూ లేదు. దానికి మాట్లాడే హక్కెక్కడిది?" అని నక్క లేచింది.



"ఎవరు ఎవరిని నమ్ముకుంటే వాళ్ళే మాట్లాడొచ్చు. చెప్పు తాబేలూ," అంది ఏనుగు.

పొదలో పూరేడు గుడ్లున్న సంగతంతా తాబేలు నిదానంగా చెప్పింది.

"గుడ్లను నువ్వు కళ్ళారా చూశావా?" అంది నక్క.

తాబేలు తల దించుకుంది. "లేదు. ఆ ముళ్ళలోకి నేను దూరలేను."

"ఇంకొకరి తరఫున మాట్లాడొచ్చు గానీ, చూడనిదానికి సాక్ష్యం చెప్పకూడదు," అంది ఏనుగు. "మరి చూసిందెవరు?"

తాబేలు వెనక నుంచి పూరేడే ముందుకొచ్చింది.

"నేను చూశాను దొరా. ఐదు గుడ్లు. పంది నన్ను తరిమేటప్పటికే ఒకదాంట్లో పిల్ల కదులుతోంది. మీ తీర్పు ఆగినా అది ఆగదు."

ఏనుగు లేచింది. "పదండి, పొద దగ్గరే తేలుద్దాం."

వాళ్ళు వెళ్ళేసరికి ఒక గుడ్డు పగిలి, తడి పిల్ల కీచుమంటోంది. పంది పొద ముందు నుంచి పక్కకు తప్పుకుంది. ఏనుగు తీర్పు చెప్పడం మొదలుపెట్టింది గానీ, పూరేడు వినలేదు. అప్పటికే మిగిలిన నాలుగింటినీ రెక్కల కిందికి లాక్కుని, చల్లబడ్డవాటిని పొట్టకు అదుముకుంటోంది.